పదహారో లెక్క

శుభవార్త వచ్చిన క్షణంలో గ్వాన్ షూచిన్ చేతులు రెండూ మోచేతుల దాకా గాజుపెట్టెలో ఉన్నాయి, నోట్లో లెక్క పదకొండు దగ్గర ఉంది.

వెనక ఎవరో కుర్చీ వెనక్కి తన్నుకుంటూ లేచారు. పత్రిక వాళ్ళు వ్యాసం ఒప్పుకున్నారన్న మాట ఒక బల్ల దగ్గర నుంచి ఇంకో బల్లకి పాకింది. చప్పట్లు మొదలయ్యాయి. షూచిన్ తల తిప్పలేదు. పన్నెండు, పదమూడు. గాజుకి అవతల తపాలా బిళ్ళంత గాజుముక్క మీద పసుపుపచ్చ ద్రవం గిర్రున తిరుగుతూ పలచబడుతోంది. పద్నాలుగు, పదిహేను. పదహారో లెక్కకి ఆమె కుడి బొటనవేలు పిపెట్‌ని నొక్కింది. రెండో ద్రవం ఒకే ధారగా జారి పడింది. పసుపు నారింజ రంగుకి తిరిగింది. పళ్ళెం ఆగేదాకా చూసి, పట్టకారుతో గాజుముక్కని అంచు పట్టుకుని ఎత్తి, వేడి పలక మీద పెట్టింది. అది నల్లబడి, అద్దంలా తేలి, అందులో తన కళ్ళజోడు కనిపించాకే చేతులు బయటికి లాగింది.

"కాస్త ఆగి మాతో పాటు చప్పట్లు కొట్టొచ్చుగా పిన్నీ" అంది హ్వో నింగ్. ఆ గదిలో అందరికంటే చిన్నది, అందరికంటే పెద్ద నోరు ఆ పిల్లదే.

"ఒప్పుకున్న వ్యాసం ఎక్కడికీ పోదు. పొర పోతుంది" అంది షూచిన్, నుదుటి మీద చెమట భుజానికి తుడుచుకుంటూ.

నవంబరు మొదటి వారం. ఈశాన్య చైనాలోని ఛాంగ్‌ఛున్‌లో గదులు వెచ్చబెట్టే వేడినీటి గొట్టాలు తెరిచి పదిహేను రోజులైంది. బయట మురుగుకాలవ మూతల మీద మంచు పేరుకుంటుంటే లోపల అందరూ చొక్కా చేతులు మడుచుకుని తిరుగుతున్నారు. ఎవరో కిటికీ జానెడు తెరిచారు. ఆ సందులోంచి వచ్చే చలిగాలి మెడకి తగిలితే షూచిన్‌కి వేసవిలో పుచ్చకాయ ముక్క కొరికినంత హాయిగా ఉంటుంది. ఇవాళ మాత్రం ఆ హాయి ఒంటికి ఎక్కలేదు. నాలుగు అడుగులు వేసింది, బల్ల తుడిచింది, తుడిచిన బల్లే మళ్ళీ తుడిచింది. ఇక్కడ ఆడవాళ్ళకి యాభై అయిదు నిండితే పని ముగుస్తుంది, ఆమెకి ఆ రోజు ఇదే. సాయంత్రం అయిదింటికి తలుపు తెరిచే కార్డు అప్పగించాలి.

ఆ వ్యాసం ఒక చిన్న డిటెక్టరు గురించి. దానికి బ్యాటరీ అక్కరలేదు, బయట నుంచి కరెంటు ఇవ్వక్కరలేదు. వెలుగు పడితే ఆ పలచని పొరే తన కరెంటు తాను పుట్టించుకుని, పడిందని చెబుతుంది. పట్టపగటి వెలుగుని ఏ పొరైనా చెబుతుంది. మూసిన తలుపు కింద సందులోంచి వచ్చే వెలుగులో లక్షో వంతుని కూడా చెప్పాలి. దానికే మూడేళ్ళుగా ఈ గదిలో ఆరుగురు తంటాలు పడుతున్నారు. పొరలో సూదిమొనంత చిల్లు ఉన్నా చీకట్లో కూడా కరెంటు కారుతుంది. ఆ కారిన దాంట్లో మసక వెలుగు చెప్పే చిన్నమాట మునిగిపోతుంది. చిల్లు లేని పొర రావాలంటే తిరుగుతున్న పసుపు ద్రవం మీద రెండో ద్రవం సరైన క్షణంలో పడాలి. ముందు పడితే పొర బూడిదరంగులో మసకేస్తుంది, ఆలస్యమైతే గరుకెక్కుతుంది.

వ్యాసంలో ఉన్న పన్నెండు డిటెక్టర్లకీ ఆ ద్రవం పోసింది షూచిన్.

మిగతాదంతా లువాన్ బో పని. ద్రవాల పాళ్ళు కనిపెట్టింది, పైన కింద పొరలు మార్చి చూసింది, కొలిచింది, రాసింది అతనే. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, పొడుగ్గా, ఎప్పుడూ కాస్త ముందుకు వంగి ఉంటాడు. సెప్టెంబరులో పెళ్ళయింది. పెళ్ళికూతురు దాల్యెన్‌లో బడి పంతులమ్మ, డిగ్రీ వచ్చాక అతనూ అక్కడికి వెళ్ళాలని మాట. పెళ్ళి మిఠాయిల ఎర్ర కాగితాలు ఇంకా అతని పుస్తకాల్లో పేజీ గుర్తులుగా ఉన్నాయి. గదిలో అందరూ అతని వీపు చరుస్తున్నారు. అతను నవ్వుతున్నాడు కానీ, ఆ నవ్వు ముఖం మీద ఎక్కడా కుదురుగా కూర్చోవడం లేదు. రెండు నిమిషాలయ్యాక షూచిన్‌ని వసారాలోకి పిలిచి, మంచినీళ్ళ యంత్రం పక్కన నిలబెట్టాడు.

వేసవిలో సదస్సులో అతని మాట విన్న దక్షిణ చైనా ప్రయోగశాల వాళ్ళు రెండోసారి ఉత్తరం రాశారట. అతను చెప్పినట్టే చేస్తే వాళ్ళకి అన్నీ మసకేసిన పొరలే వస్తున్నాయి. ఆ సంగతి అతనికి కొత్త కాదు. జూన్ నుంచి అతని చేతికీ అవే వస్తున్నాయి.

"చివరి ప్రతి రెండు రోజుల్లో సరిచూసి పంపమన్నారు. సాయంత్రంలోగా నా చేత్తో ఒక్కటైనా రావాలి పిన్నీ. రాకపోతే ప్రొఫెసర్ యిన్ గారికి చెప్పేస్తాను, వ్యాసం వెనక్కి తీసుకుందామని. ఇంకొకళ్ళు చెయ్యలేనిది రాసి నేనేం మొహం పెట్టుకుని తిరగను?"

"తీసుకుంటే నీ డిగ్రీ?"

"ఇంకో రెండేళ్ళు."

"మరి మీ ఆవిడ?"

అతను గ్లాసులో నీళ్ళు పూర్తిగా తాగి, ఖాళీ గ్లాసులోకి చూశాడు. "తనకింకా చెప్పలేదు."

షూచిన్ అతని మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.

పొద్దున్నంతా అతను చేతులు గాజుపెట్టెలో పెట్టాడు, ఆమె భుజం పక్కన నిలబడింది. నిలబడలేక కాళ్ళు మార్చుకుంది. మందపాటి రబ్బరు తొడుగుల్లో వేళ్ళతో గడియారం మీటలు నొక్కడం కుదరదు, తిరిగే పళ్ళేనికి ఉన్న అంకెల తెర ఎప్పుడో చెడిపోయింది. అందుకని అతను ఫోనుని గాజుకి బయట ఆనించి నిలబెట్టి, సెకన్లు చూస్తూ పదహారో సెకనుకి ద్రవం పోసేవాడు. మొదటిది మసకేసింది. రెండోదీ అంతే.

"తొందరపడ్డావు" అంది ఆమె.

అతను గడ్డంతో ఫోను వైపు చూపించాడు. సరిగ్గా పదహారు. ఆమె నోరు మూసుకుంది. జూన్ నుంచీ ఇదే తంతు. ఆమె కంటికి ప్రతిసారీ తొందరపడ్డాడనే తోచేది, ప్రతిసారీ ఫోను పదహారు చూపించేది. తను పదో తరగతితో ఆగిపోయింది, అతను డాక్టరు కాబోతున్నాడు, ఫోను ఎవరి పక్షమూ కాదు. తన కళ్ళకే వయసొచ్చిందని సరిపెట్టుకుంది.

"నీది కుడుములు మడిచే చెయ్యిరా" అంది మూడోదానికి, నవ్వించాలని. "అంచు నొక్కి వదిలెయ్యడమే తెలుసు దానికి."

"మా అత్తగారు కూడా నిన్న ఫోనులో చూసి అదే అన్నారు. మడతలు సరిగ్గా రాలేదట" అన్నాడతను. నాలుగోదీ మసకేసింది.

భోజనానికి ఆమె వెళ్ళలేదు. డబ్బాలో ఉడకబెట్టిన జిగురు మొక్కజొన్న కండె ఉంది, కిటికీ దగ్గర నిలబడి గింజ గింజా వొలుచుకుని తింది. కుర్చీలో కూర్చుంటే మోకాళ్ళు వాటంతటవే ఊగుతున్నాయి. ఎక్కడో ఏదో చెప్పకుండా వదిలేసింది. చెప్పేశాననుకున్నదేదో చెప్పకుండానే ఉండిపోయింది. ఏమిటది?

పద్దెనిమిదేళ్ళప్పుడు ఆమెకి ఈ పని నేర్పింది మాస్టర్ దూ. ఊరికి తూర్పున కెమెరాలకి కాంతిమీటర్లు చేసే ఫ్యాక్టరీ ఉండేది. రూపాయి బిళ్ళంత ఇనుప చక్రం మీద సెలీనియం పొర, దాని మీద ఇంకో పొర. అప్పుడూ బ్యాటరీ లేదు. వెలుగు తగిలితే ముల్లు లేస్తుంది, చెయ్యి అడ్డం పెడితే పడుతుంది. పనివేళ అయిపోయాక కూడా ఒక్క నిమిషం ఆగి, బల్ల మీద దీపానికి అరచెయ్యి అడ్డం పెట్టి తీసి, ముల్లు ఎగిరి గంతెయ్యడం చూసి గానీ ఇంటికి వెళ్ళేది కాదు. అది ఆమె ఎవరికీ చెప్పని సంబరం. మాస్టర్ దూ షెడ్డులో గడియారం పెట్టనిచ్చేవాడు కాదు. పొరని చూడు, నోటితో లెక్కపెట్టు, గోడ వైపు చూసేవాడు గోడనే తయారుచేస్తాడు అనేవాడు. చెక్కబద్దతో బల్ల మీద కొట్టేవాడు, వేళ్ళ పక్కన, వేళ్ళకి తగలకుండా.

తొంభై ఎనిమిదిలో ఫ్యాక్టరీ మూసేశారు. ఆఖరి నెల జీతం కింద అమ్ముడుపోని మీటర్లు మూడు పెట్టెలు ఇచ్చారు. వాటిని పార్కు గేటు దగ్గర దుప్పటి పరిచి అమ్మింది. తర్వాత చిలగడదుంపలు కాల్చి అమ్మింది. తర్వాత ఈ భవనంలో నేల తుడిచింది. ఒకరోజు బల్ల మీద వదిలేసిన గాజుపలకని తుడిచి పక్కన పెడుతుంటే, అప్పటికింకా జుట్టున్న యిన్ గారు ఆగి, గాజుని అంచు పట్టుకోవడం నీకెవరు నేర్పారని అడిగారు. ఆ మరుసటి వారం చీపురు ఇంకొకరికి వెళ్ళింది. అది జరిగి పద్దెనిమిదేళ్ళు. ఆమె భర్త పెయ్ ట్రాము తోలేవాడు, ఈ భవనం దగ్గరి మూడో స్టాపులో ఇన్నేళ్ళూ ఆ ట్రామే ఎక్కింది, దిగింది. అతను కిందటేడు రిటైరయ్యాక కూడా ఆ స్టాపు దగ్గరే నిలబడి ఆమె కోసం ఎదురుచూస్తాడు, వేరే డ్రైవర్లకి చేతులూపుతూ.

ఒంటిగంటన్నరకి ఆమె స్లీవులు పైకి లాగింది. ఒకటి తనే చేసి చూపిస్తానంది. లువాన్ బో పక్కన నిలబడి ఆమె వేళ్ళనే చూడాలి, ఫోను చూడకూడదు. అతను సరేనన్నాడు. హ్వో నింగ్ కూడా వచ్చి గాజుకి ముక్కు ఆనించింది.

పళ్ళెం తిరిగింది. పసుపు ద్రవం పరుచుకుంది. ఆమె లెక్క మొదలుపెట్టింది.

అప్పుడే కిటికీ సందులోంచి లౌడ్‌స్పీకరు వినిపించింది. గోడ అవతల ప్రాథమిక పాఠశాల. చలి పెరిగిందని ఈ వారం నుంచి పిల్లల వ్యాయామం పొద్దున్న నుంచి మధ్యాహ్నానికి మార్చారు. పాట మొదలైంది, గొంతు లెక్క చెబుతోంది: ఒకటి రెండు మూడు నాలుగు, అయిదు ఆరు ఏడు ఎనిమిది. ఆమె పెదాలు ఒక్క అంకె దగ్గర తడబడి, ఆ గొంతులో కలిసిపోయాయి. ఎనిమిది అయింది. రెండో ఎనిమిది మొదలైంది. పదహారుకి వేలు నొక్కింది.

నొక్కుతూనే ఆమెకి తెలిసింది. పసుపు ఇంకా తడిగానే ఉంది. పొర వేడి పలక మీద బూడిదరంగుకి తిరిగి, మసకేసింది.

ముగ్గురూ దాన్ని చూశారు. ఈ గదిలో ఆమె చేతి నుంచి మసక పొర రావడం ఎవరూ చూడలేదు. షూచిన్ చేతులు బయటికి లాగి, వాటినేం చెయ్యాలో తెలియక కోటు జేబుల్లో పెట్టుకుంది.

"వాళ్ళు పరిగెత్తిస్తున్నారు" అంది, గడ్డంతో కిటికీ వైపు చూపిస్తూ. "ఈ కాలం పిల్లలకి పెట్టే పాట అది. నా లెక్కని లాక్కుపోయింది. మా ఫ్యాక్టరీది ఇంత తొందరగా ఉండేది కాదు."

లువాన్ బో నిటారుగా అయ్యాడు. "మీ ఫ్యాక్టరీది అంటే?"

"పది గంటల వ్యాయామం పాటరా. రోజూ వేసేవాళ్ళు. మాస్టర్ దూ మమ్మల్ని దానికే లెక్కపెట్టమనేవాడు. షెడ్డులో ఇరవై మందిమి ఉండేవాళ్ళం, ఒక్కలాగే లెక్కపెట్టాలిగా. రెండు ఎనిమిదులు, పదహారు."

"సెకన్లు కాదా?"

"పదహారు అని చెప్పాను. సెకన్లని నేనెప్పుడు చెప్పాను?"

లువాన్ బో కిటికీ దగ్గరికి వెళ్ళి బిగించి మూశాడు. పిల్లల పాట సన్నబడి ఆగింది. తిరిగి వచ్చి ఫోను చేతిలోకి తీసుకుని, ఖాళీ పళ్ళెం తిప్పి, అందులో ద్రవం ఉందనుకుని లెక్కపెట్టమన్నాడు. ద్రవం లేకపోతే తనకి లెక్క రాదంది ఆమె. నిజంగానే ద్రవం వేశారు. ఆమె కళ్ళు దాని మీద పెట్టి, భుజాలు దించి, పెదాలు కదిలించింది. వేలు నొక్కినప్పుడు అతను ఫోను ఆపాడు.

ఇరవై ఒకటి.

మళ్ళీ చేశారు. ఇరవై ఒకటి. మూడోసారి ఇరవై ఒకటి దాటి ఒక పిసరు. మూడు పొరలూ వేడి పలక మీద పక్కపక్కన నల్లటి అద్దాల్లా పడుకుని ఉన్నాయి, పైకప్పు దీపం మూడింట్లోనూ కనిపిస్తోంది.

"పిన్ని గడియారం సర్కారు ఫ్యాక్టరీది" అంది హ్వో నింగ్ నెమ్మదిగా. "టీ తాగి తీరిగ్గా నడుస్తుంది."

నవ్వు రాలేదు ఎవరికీ. షూచిన్ స్టూలు మీద కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. "అయితే ఇన్ని నెలలూ నీకు తప్పు చెప్పానన్నమాట. ఆ దక్షిణాది వాళ్ళ సామానంతా నా నోటి వల్లే పాడైంది."

లువాన్ బో ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అంత పొడుగు మనిషి అలా కూర్చుంటే ఇద్దరి కళ్ళూ ఒక ఎత్తుకి వచ్చాయి.

"నువ్వు సరిగ్గానే చెప్పావు పిన్నీ. తొందరపడ్డావని జూన్ నుంచీ చెబుతూనే ఉన్నావు. నేను ప్రతిసారీ ఫోను చూపించి నీ నోరు మూయించాను."

ఆమె చెయ్యి జాపి, అతని కాలరు మీద అంటుకున్న దారప్పోగు తీసేసింది. తర్వాత, లేచి చెయ్యమంది.

అతను చేశాడు. ఫోను గాజుకి ఆనించి, ఇరవై ఒకటో సెకనుకి. పదహారు దాటి పదిహేడూ పద్దెనిమిదీ అవుతుంటే అతని బొటనవేలు ఆగలేక అదిరింది. ఆమె అతని వీపు మీద అరచెయ్యి ఆనించి ఉంచింది. ద్రవం పడింది. నారింజ రంగు. వేడి పలక. నలుపు. అందులో అతని ముఖం, పక్కన ఆమె కళ్ళజోడు.

అది ఒక్కటే చాలదు. పై పొర వేసి, తీగలు అతికించి, నల్లపెట్టెలో పెట్టేసరికి మూడున్నర అయింది. గదిలో దీపాలు ఆర్పి, యంత్రాల మీద మినుకుమనే చిన్న దీపాలకి నల్ల టేపు అంటించారు. పెట్టెలో ఉన్న దీపానికీ డిటెక్టరుకీ మధ్య నల్లగాజు పలకలు ఒక్కొక్కటే అడ్డం పెడతారు, ఒక్కో పలకకి వెలుగు పదో వంతుకి పడిపోతుంది. వ్యాసంలో రాసింది ఆరు పలకల దాకా. షూచిన్ ఎప్పుడూ ఈ గంటకి బల్లలు సర్దుకుంటూ ఉండేది, ఈ పని నిలబడి చూసింది తక్కువ. ఇవాళ తెర ముందు నిలబడింది. దీపం వెలిగితే గీత మెట్టులా లేస్తోంది, ఆరితే దిగుతోంది. రెండో పలక, మూడో పలక. మెట్టు చిన్నదవుతోంది. నాలుగు, అయిదు. లువాన్ బో ఆరోది పెట్టాడు. గీత కాసేపు కిందే పాకింది, అక్కడక్కడా చిన్నగా వణికింది. అతని చెయ్యి దీపం మీట నొక్కింది. గీత లేచింది. బియ్యపు గింజంత ఎత్తు, కానీ లేచింది. ఆర్పితే దిగింది. మళ్ళీ వెలిగిస్తే మళ్ళీ లేచింది.

షూచిన్‌కి ముల్లు గుర్తొచ్చింది. జేబులో అరచెయ్యి దానంతటదే తెరుచుకుని, మూసుకుంది. ఆ గింజంత మెట్టు తన వేలు లేకుండా లేచింది. సంతోషంగానే ఉంది. చెవుల వెనక మాత్రం ఏదో ఖాళీగా హోరుమంటోంది, ట్రాము వెళ్ళిపోయాక పట్టాలు కాసేపు మోగినట్టు.

దీపాలు వేశారు. యిన్ గారికి ఫోను వెళ్ళింది. చివరి ప్రతిలో పదహారు కొట్టేసి ఇరవై ఒకటి రాయమని, ఎందుకు మారిందో సంపాదకుడికి దాచకుండా రాయమని ఆయన అన్నారట. అయిదింటికి పూలు పట్టుకుని వస్తున్నాను, షూచిన్‌ని వెళ్ళనివ్వకండని కూడా అన్నారట. అందరూ తెర చుట్టూ మూగి, ఆ ఒక్క వాక్యం ఎలా రాయాలా అని వాదించుకోవడం మొదలుపెట్టారు. కొలిచిన సమయం అనాలా, సరిచేసిన సమయం అనాలా? లువాన్ బో వసారాలోకి వెళ్ళి దాల్యెన్‌కి ఫోను చేశాడు. తలుపు మూసుకున్నా అతని నవ్వు వినిపించింది. ఈసారి అది కుదురుగా కూర్చుంది.

షూచిన్‌కి పూలంటే ఇష్టమే. వాటితో పాటు వచ్చే మాటలే నిలబడి వినడం ఆమె వల్ల కాదు. గాజుపెట్టె తొడుగులు రెండింటినీ బయటికి లాగి ముడతలు సరిచేసింది. పట్టకార్లని పొడుగు ప్రకారం పేర్చింది. తెల్లకోటు విప్పి మడిచి అరలో పెట్టి, దాని మీద తలుపు కార్డు పెట్టింది. ఊలు టోపీ చెవుల మీదికి లాక్కుంది. బయట నాలుగున్నరకే మసక పడుతోంది, వీధి దీపాలు వెలిగాయి. పెయ్ స్టాపు దగ్గరికి వచ్చేసి ఉంటాడు.

వసారాలో లువాన్ బోకి ఎదురుపడింది. అతను ఫోను చెవికి ఉంచుకునే ఎక్కడికన్నట్టు కళ్ళెగరేశాడు. ఆమె నీళ్ళకన్నట్టు మంచినీళ్ళ యంత్రం వైపు చెయ్యి చూపించింది. అతను తలూపి లోపలికి వెళ్ళాడు. ఆమె యంత్రం దాటి మెట్లు దిగింది.

లోపల లువాన్ బో తెల్లబోర్డు తుడిచి, అందరినీ తన వైపు తిరగమన్నాడు.

"రేపు పొద్దున్న ఎనిమిదిన్నరకి అందరూ రండి. మనిషికి మూడు గాజుముక్కలు, అందరికీ ఇరవై ఒకటే. తొమ్మిదింటికి దక్షిణాది వాళ్ళు కూడా ఫోనులో చూస్తూ మనతో పాటే చేస్తారు. వచ్చినవాటిల్లో మంచిదానికి ఏడో పలక పెడదాం. పిన్ని నీళ్ళు తాగి వచ్చాక ఒకసారి ఆమెని కూడా అడుగుదాం."

కిటికీ కింద వేడి గొట్టం మీద, ఆమె పొద్దున్న ఎప్పుడో వొలిచి వరసగా పరిచిన కమలాపండు తొక్కలు అంచులు ముడుచుకుంటూ ఎండుతున్నాయి, గదంతా వాటి వాసన.